పొయ్యి చల్లారాక పిల్లి ఎక్కడ పడుకోవాలి?

ఆ పూట ఇంట్లో వంట లేదని చెప్పడానికి తెలుగులో ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటారు. పేదరికాన్ని చెప్పే మాటగానే దీన్ని వాడుతూ వచ్చాం గానీ, మాటను మాటగా చూస్తే అందులో పిల్లిని దగ్గరగా గమనించిన కన్ను కనిపిస్తుంది. రాత్రి వంట ముగిసిన కట్టెలపొయ్యిలో బూడిద చాలాసేపు గోరువెచ్చగా ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టిగోడలు పీల్చుకున్న వేడిని నెమ్మదిగా వదులుతూ, బయటి గాలినీ అడ్డుకుంటాయి. లోపలి జాగా ముడుచుకుని పడుకున్న పిల్లికి కొలిచి కట్టినట్టు సరిపోతుంది. చలి రాత్రికి పిల్లికి ఎలాంటి పడక కావాలని ఈనాటి పశువైద్యుణ్ణి అడిగినా ఇంచుమించు ఇదే వర్ణన వస్తుంది: ఇరుకుగా, పొడిగా, గాలి తగలకుండా, అడుగున కొద్దిపాటి వెచ్చదనంతో.

పిల్లి మీదే మనకు ఇంకో మాట ఉంది. కుదురుగా ఉండలేక అటూ ఇటూ తిరిగేవాణ్ణి ‘కాలు కాలిన పిల్లి’ అంటాం. ఆ కాలు కాలింది కూడా బహుశా ఆ పొయ్యి దగ్గరే. మన ప్రాంతంలో చలికాలం పిల్లులకు తెచ్చే చిక్కంతా ఈ రెండు మాటల నడుమే ఉంది. తెలుగు నేల మీద ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్లి కేవలం చలికి ప్రాణం పోగొట్టుకోవడం అరుదు. చలిని తప్పించుకోవడానికి అది వెతుక్కునే చోట్లూ, చలి పేరుతో మనం బయటికి తీసే వస్తువులూ దాన్ని అంతకంటే ఎక్కువగా దెబ్బతీస్తాయి. కట్టెలపొయ్యి పోయి గ్యాస్ స్టవ్ వచ్చాక పిల్లికి బూడిద పడక పోయింది గానీ వెచ్చదనం మీద మక్కువ పోలేదు. ఇప్పుడు అది ఇన్వర్టర్ మీద, ఫ్రిజ్ వెనక, సెట్‌టాప్ బాక్స్ మీద, అప్పుడే వచ్చి ఆగిన కారు బానెట్ కింద ఆ బూడిదను వెతుక్కుంటోంది.

ముందుగా చలి సంగతి చూద్దాం. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాదులో రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటుంది. నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి నాటి 6.1 డిగ్రీలు. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోనూ, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి, చింతపల్లి, అరకు ప్రాంతాల్లోనూ పాదరసం ఒకే అంకెకు దిగడం కొత్త కాదు. కోస్తా ఊళ్లలో అంత ఉండదు. పత్రికలు ప్రతి ఏడూ ‘చలిపులి’ అని రాస్తూనే ఉంటాయి. పులి మాట ఎలా ఉన్నా, దాని చిన్న చుట్టానికి ఈ చలి ఎంతవరకు ప్రమాదమో తేల్చాలంటే రెండు విషయాలను విడదీసుకోవాలి. ఒంటికి హాయిగా లేకపోవడం వేరు, ప్రాణం మీదికి రావడం వేరు.

హాయి విషయంలో పిల్లికీ మనకూ చాలా తేడా ఉంది. అదనంగా శక్తిని ఖర్చు చేయకుండా ఒంటి వేడిని నిలుపుకోగల వాతావరణం ప్రతి జంతువుకూ ఒకటి ఉంటుంది. పిల్లికి అది సుమారు 30 నుంచి 38 డిగ్రీలు, అంటే మనం ఫ్యాను కింద కూర్చుని విసనకర్ర కూడా వెతుక్కునే వేళ దానికి సరిగ్గా సరిపోయే వేళ. దాని ఒంటి వేడి కూడా మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల దాకా ఉంటుంది కనుక, మనం ఎత్తుకున్నప్పుడు చేతికి కాస్త కాలినట్టే అనిపిస్తుంది. ఈ తేడా దాని పుట్టుకలో ఉంది. ఇంటి పిల్లి పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా పొడి నేలల్లో తిరిగిన ఒక అడవిపిల్లి సంతతి. మనిషి పక్కన పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం సైప్రస్ దీవిలో దాదాపు 9,500 ఏళ్ల నాటి సమాధిలో దొరికింది. ఎడారి అంచున రూపుదిద్దుకున్న జంతువు కాబట్టే 24 డిగ్రీల గదిలో కూడా రగ్గులోకి దూరుతుంది. అంతమాత్రాన దానికి జ్వరం తగిలిందని కంగారుపడనక్కరలేదు. అదే పిల్లి బొచ్చు పొడిగా ఉండి, కడుపు నిండి ఉంటే, 14 డిగ్రీల రాత్రిని కూడా పెద్ద ఇబ్బంది లేకుండా గడిపేస్తుంది.

ఎలా గడుపుతుందో తెలిస్తే, ఏం చేస్తే అది చెడుతుందో కూడా తెలుస్తుంది. పిల్లి బొచ్చు ఒకే పొర కాదు. పైన తేమను జార్చే నున్నని పొడుగు వెంట్రుకలు, అడుగున మెత్తని నూగు ఉంటాయి. ఆ నూగులో చిక్కుకున్న గాలే అసలైన దుప్పటి. చలి తగలగానే ప్రతి వెంట్రుక మొదట్లో ఉన్న చిన్న కండరం బిగిసి వెంట్రుకను నిక్కబొడుస్తుంది, దాంతో ఆ గాలి పొర మందమవుతుంది. చెవులకూ పాదాలకూ వెళ్లే రక్తనాళాలు సన్నబడి వేడిని మొండెంలోనే ఆపుతాయి కనుక చలివేళ చెవి కొన చల్లగా తగలడం సహజమే. ఇక ముక్కు మీదికి తోక తెచ్చుకుని ఉండలా చుట్టుకున్నప్పుడు గాలికి తగిలే ఒంటి విస్తీర్ణం బాగా తగ్గిపోతుంది.

ఈ ఏర్పాటంతా గాలి మీద ఆధారపడి ఉంది కాబట్టి తడి దీనికి మొదటి శత్రువు. బొచ్చు తడిసినప్పుడు గాలి ఉండవలసిన చోట నీరు చేరుతుంది, నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువగా వేడిని లాగేస్తుంది. పొడిగా ఉన్న పిల్లికి 14 డిగ్రీలు ఆటవిడుపు. తడిసి, గాలి తగులుతున్న పిల్లికి అదే 14 డిగ్రీలు కష్టకాలం. అందుకే చలి రోజుల్లో పిల్లికి స్నానం చేయించకపోవడమే మేలు. తప్పనిసరైతే మిట్టమధ్యాహ్నం గోరువెచ్చని నీళ్లతో చేయించి, అడుగు నూగు దాకా ఆరేవరకు గది దాటనివ్వకూడదు. పైన తుడిస్తే పొడిగా కనిపించే బొచ్చు లోపల గంటల తరబడి తడిగానే ఉంటుంది. రెండో శత్రువు జడ. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో ఈ మధ్య బాగా పెరిగిన పర్షియన్ పిల్లుల్ని చూసి ‘అంత బొచ్చుంది, దానికి చలేమిటి’ అనుకుంటాం గానీ, దువ్వక జడలు కట్టిన బొచ్చు గాలిని పట్టి ఉంచలేదు. జడల కింది చర్మం చెమ్మపట్టి పుండ్లు పడుతుంది కూడా. ఆ జడలు విప్పలేక బొచ్చంతా గొరిగించేయడం వేసవిలో చెల్లవచ్చు, డిసెంబరులో మాత్రం పిల్లి కప్పుకున్న దుప్పటిని లాగేసినట్టే. బొచ్చు ఊడడం, మొలవడం పగటి నిడివిని బట్టి నడుస్తాయి. రాత్రి పొద్దుపోయే దాకా దీపాలు వెలిగే ఇళ్లలో పెరిగే పిల్లికి ఆ లెక్క తప్పి ఏడాది పొడవునా కొద్దికొద్దిగా ఊడుతూనే ఉంటుంది. కాబట్టి దువ్వెనకు చలికాలం సెలవు లేదు. పిల్లి స్వెట్టర్ల గురించి ఒక్క మాటతో సరిపెట్టవచ్చు: ఫొటోకు బాగుంటాయి. నిక్కబొడుచుకోవలసిన బొచ్చును అవి అణిచేస్తాయి, ఒళ్లు నాక్కోనివ్వవు, గోరు ఇరుక్కుంటే పిల్లి బెదిరిపోతుంది. ఆపరేషన్ కోసం ఒళ్లు గొరిగిన పిల్లికి, అసలు బొచ్చే లేని జాతికి తప్ప వాటి అవసరం రాదు.

చలి అనగానే మనం కిటికీలు మూస్తాం. పిల్లికి చలి ఎక్కువగా వచ్చేది మాత్రం కింది నుంచి. తాండూరు బండ, కడప బండ, మార్బుల్, టైల్స్ వేసవిలో మనకు ఎందుకు ఇష్టమో, చలికాలంలో పిల్లికి అందుకే కష్టం: రాయి తనకు తగిలిన ఒంటి వేడిని వేగంగా లాక్కుంటుంది. దీనికి మందు బజారులో కొనవలసిన పని లేదు. నాలుగు మడతలు వేసిన గోనెపట్టా మీద పాత చీరల బొంత పరిస్తే చాలు, బొంత పొరల్లోనూ బొచ్చులో లాగే గాలి చిక్కుకుని ఉంటుంది. దాన్ని అట్టపెట్టెలో పెడితే మరీ మంచిది, ఎందుకంటే అట్ట మడతల్లో కూడా గాలి ఉంటుంది, చిన్న పెట్టె పిల్లి ఒంటి వేడితోనే వెచ్చబడుతుంది. పెద్ద పెట్టె కొంటే పెద్ద మనసు చూపినట్టు మనకు అనిపిస్తుంది గానీ, అందులో వెచ్చబెట్టవలసిన గాలి కూడా పెద్దదే. పెట్టెను నేల మీద కాక కుర్చీ మీదో, బల్ల మీదో పెట్టాలి, గదిలో వెచ్చటి గాలి పైకే చేరుతుంది. పిల్లి బీరువా పైన ఎక్కి కూర్చోవడంలో దర్జాతో పాటు ఈ లెక్క కూడా ఉంది.

ఇంతవరకు చెప్పినది ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్లి గురించి. చలి నిజంగా ప్రాణం తీయగలిగింది పసికూనల దగ్గర. పగటి నిడివి ఏడాదిలో పెద్దగా మారని మన ప్రాంతంలో పిల్లులు చలికాలంలో కూడా పిల్లల్ని పెడతాయి. పుట్టిన మొదటి వారంలో కూనకు వణకడం చేతకాదు. వణుకు అంటే కండరాలు కదిలి వేడి పుట్టించుకోవడమే కనుక, అది లేని కూన తల్లి కడుపు కింద ఉన్నంతసేపే వెచ్చగా ఉంటుంది. ఆ వారంలో దాని ఒంటి వేడి కూడా పెద్దపిల్లి కంటే తక్కువే, 35 నుంచి 37 డిగ్రీలు. సొంతంగా వేడిని సర్దుకోగల శక్తి దానికి రావడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. తల్లి దగ్గర లేకపోతే మొదటి వారం అది పడుకున్న చోటు 29 నుంచి 32 డిగ్రీల మధ్య ఉండాలి, ఆ తర్వాత వారం వారం కొద్దిగా తగ్గించుకుంటూ రావచ్చు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు అంటారు. ఆ తిప్పడంలో భయం పాలు ఎంతో, చలి పాలు కూడా అంతే ఉంటుంది: మనం ముచ్చటపడి వరండాలో అమర్చిన పెట్టెను కాదని అది బట్టల అలమారలోకి పిల్లల్ని మోసుకెళ్లిందంటే, వరండాలో గాలి వీస్తోందని చెబుతున్నట్టే.

అనాథ కూన దొరికినప్పుడు దయగల ఇళ్లలోనే ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఒళ్లు చల్లబడి, గొంతు పెగలకుండా ఉన్న కూనను చూడగానే ముందు పాలు పట్టాలనిపిస్తుంది. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే పడిపోయిన కూనకు పేగులు కదలవు, మింగే శక్తి కూడా సరిగా ఉండదు. పట్టిన పాలు కడుపులో పులుస్తాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాబట్టి ముందు వెచ్చబెట్టాలి, తర్వాతే పాలు. వెచ్చబెట్టడం కూడా మెల్లగా, గంటా రెండు గంటల పాటు, మన ఒంటికి ఆనించి బట్టలో చుట్టుకుని చేస్తే అన్నిటికంటే క్షేమం. వేడినీళ్ల సంచి వాడితే దానికి మందపాటి తువ్వాలు చుట్టి పెట్టెలో ఒక పక్కనే ఉంచాలి, వేడి ఎక్కువైతే కూన పాకుతూ అవతలికి జరగడానికి చోటుండాలి. చల్లారిన సంచి కూన వేడినే తిరిగి లాగుతుంది కనుక రాత్రి రెండు మూడు సార్లు లేచి మార్చవలసిందే. పాలు పట్టేటప్పుడు పసిబిడ్డను పట్టుకున్నట్టు వెల్లకిలా పడుకోబెట్టకూడదు. తల్లి దగ్గర తాగేటప్పటిలా బోర్లా ఉంచాలి. ఆవు పాలలో మాంసకృత్తులు తల్లిపిల్లి పాలలో ఉన్నవాటిలో సగమే ఉంటాయి. పెంపుడు జంతువుల దుకాణాల్లో కూనల కోసమే పాలపొడి దొరుకుతుంది, దాన్నే వాడడం మంచిది.

ముసలి పిల్లి కథ వేరు. 12 ఏళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. పిల్లి నొప్పిని అరిచి చెప్పదు. చలికాలంలో అది మునుపటిలా కిటికీ గట్టు ఎక్కకపోయినా, ఇసుక తొట్టి అంచు దాటలేక పక్కనే మూత్రం పోసినా, నడుము మీద బొచ్చు నాక్కోకుండా వదిలేసినా, ‘వయసు మీద పడింది’ అని తీర్పు చెప్పేముందు కీళ్ల సంగతి వైద్యుడికి చూపించాలి. మెట్టులా ఒక పీట వేయడం, తొట్టి ఒక వైపు అంచు తగ్గించడం, పడకకు ఇంకో బొంత చేర్చడం దానికి మందులాగే పనిచేస్తాయి.

గండుపిల్లి ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త కావాలి. చలికాలంలో పిల్లి నీళ్లు తక్కువ తాగుతుంది, మూత్రం చిక్కబడుతుంది. బయటికి వెళ్లడానికి బద్ధకించి ఎక్కువసేపు బిగబట్టుకుంటుంది కూడా. గండుపిల్లి మూత్రనాళం సన్నగా ఉంటుంది కనుక స్ఫటికాలో జిగురో అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. మాటిమాటికీ తొట్టిలో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాని పిల్లిని మలబద్ధకమని ఇంట్లోనే ఉంచితే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. పొడి మేతలో నీరు నూటికి పది పాళ్లకు మించదు, తడి మేతలోనూ ఉడికించిన చేపలోనూ మూడొంతులు ఉంటుంది. పొడి మేతకు అలవాటుపడిన పిల్లికి చలి నెలల్లో రోజుకు ఒక పూటైనా ఉప్పూ కారం వేయకుండా ఉడికించిన చేపనో కోడిమాంసాన్నో ఆ ఉడుకునీటితో సహా గోరువెచ్చగా పెడితే నీరు దానంతటదే లోపలికి పోతుంది. వేడి చేసిన తిండికి వాసన పెరుగుతుంది, వాసన తెలిస్తేనే పిల్లి తింటుంది. తుమ్ములు, కంటి పుసులతో వచ్చే పిల్లి జలుబు చలి వల్ల పుట్టదు, హెర్పిస్, కాలిసి అనే వైరస్‌ల వల్ల వస్తుంది. ముక్కు మూసుకుపోయిన పిల్లి అన్నం మానేయడానికి కారణం వాసన తెలియకపోవడమే. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని వేరే జబ్బు మొదలవుతుంది కాబట్టి అక్కడిదాకా ఆగకూడదు.

ఇక వెచ్చదనం కోసం చేసే వెతుకులాట దగ్గరికి వద్దాం. రాత్రి పార్కింగులో ఆగిన కారు ఇంజను చాలాసేపు వేడిగా ఉంటుంది. చక్రం పక్క నుంచి పైకి పాకి బానెట్ కింద పడుకున్న పిల్లికి అది అచ్చంగా కట్టెలపొయ్యే. తేడా ఏమిటంటే పొయ్యి రాజేసే ముందు ఇల్లాలు పిల్లిని లేపేది, కారు తాళం తిప్పేవాడికి అది అక్కడుందనే తెలియదు. తిరిగే బెల్టూ ఫ్యానూ క్షణంలో చేసే గాయాలు ఘోరంగా ఉంటాయి. పొద్దున్నే బానెట్ మీద రెండు గట్టి దెబ్బలు వేసి, అర నిమిషం ఆగి, చక్రాల సందుల్లోకి ఒకసారి వంగి చూస్తే సరిపోతుంది. కూనలు మాత్రం చప్పుడుకు పారిపోకుండా ఇంకా లోపలికి నక్కుతాయి కనుక, ఆ చుట్టుపక్కల పిల్లి పిల్లల్ని పెట్టిందని తెలిస్తే బానెట్ ఎత్తి చూడడమే నయం.

ఇంటి లోపల నాకు అన్నిటికంటే భయమనిపించేది బకెట్లో వేలాడదీసే హీటర్ రాడ్. స్నానాల గదిలో ఆవిరి, వెచ్చటి నీళ్లు, మూయని తలుపు. పిల్లి బకెట్ అంచు మీద ముందరి కాళ్లు పెట్టి నీటిలోకి మూతి చాచడానికి ఇంతకంటే ఆహ్వానం అక్కరలేదు, రాడ్ ఇన్సులేషన్ పాడైతే ఆ నీటిలో కరెంటు ఉంటుంది. రాడ్ పెట్టినంతసేపూ తలుపు గడియ వేయడం మనుషులకు కూడా మంచిదే. కాయిల్ హీటర్‌కు పిల్లి ఎంత దగ్గరగా పోతుందో చూసినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. దానికి కారణం చర్మంలో ఉంది: మనిషికి చర్మం 44 డిగ్రీల దగ్గరే మంట పుడుతుంది, పిల్లి మాత్రం 50 దాటేదాకా అసౌకర్యం చూపదు. అందుకే మీసాలు మాడేదాకా హాయిగా పడుకుంటుంది, కరెంటు దుప్పటి మీద గంటల తరబడి ఉండి పొట్ట కింద చర్మం కాల్చుకుంటుంది, ఆ కాలిన గుర్తు బొచ్చు చాటున రోజుల తర్వాత గానీ బయటపడదు.

బొగ్గుల కుంపటి ఇంకో రకం ముప్పు. తలుపులు మూసిన గదిలో బొగ్గులు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమిస్తుంది. మన్యంలోనైనా, మహానగరంలోనైనా దీని పనితీరు ఒక్కటే. 2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వల్ల అమెరికాలోని టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు, వెచ్చదనం కోసం ఇంటి లోపల బొగ్గులు రాజేసినవారూ, గరాజ్‌లో కారు ఇంజను నడిపినవారూ ఈ వాయువు బారిన పడ్డారు. డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఆ గడ్డకట్టిన రోజుల్ని చూశాయి. అక్కడి చలి ఇక్కడి చలి కాదు. చెవి కొనలు, తోక చివర గడ్డకట్టి రాలిపోయే చలి అది. అలాంటి రోజుల్లో పిల్లి గడప దాటకూడదు, అంతకు మించి చర్చించడానికేమీ లేదు.

చలి కోసం మనం తీసే మందులూ డబ్బాలూ ఎందుకంత ప్రమాదమో అర్థం కావాలంటే పిల్లి కాలేయం గురించి ఒక సంగతి తెలియాలి. చాలా మందుల్నీ విషాల్నీ మన కాలేయం ఒక రకం చక్కెర అణువుకు తగిలించి నీటిలో కరిగేలా చేసి బయటికి పంపుతుంది. మాంసం మాత్రమే తిని బతికే పిల్లికి మొక్కల విషాలతో పని పడలేదు కాబట్టి ఆ యంత్రాంగం దాని దగ్గర చాలావరకు పనిచేయదు. అందుకే జలుబు చేసిన పిల్లికి ‘చిన్న ముక్కే కదా’ అని వేసే పారాసెటమాల్, అంటే మన డోలో, క్రోసిన్, దానికి విషం. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల దగ్గరే విషలక్షణాలు కనిపించిన సందర్భాలున్నాయి. నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్ర వేస్తే అది కిలోకు 125 అవుతుంది. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి, ముఖమూ పాదాలూ వాస్తాయి. విరుగుడు ఉంది గానీ గంటల్లో అందాలి. కర్పూరం, నీలగిరి తైలం కలిసిన బామ్‌లు మన ముక్కుకు రాసుకుని అదే చేత్తో పిల్లిని నిమిరితే, అది ఆ బొచ్చును నాకి లోపలికి తీసుకుంటుంది. ఉన్ని బట్టలు దింపినప్పుడు అటక మీంచి దొర్లే కలరా ఉండలు కూడా ఈ జాబితాలోవే. వాటిని దొర్లించి ఆడుకోవడం పిల్లికి మహా సరదా, నాకితే ఎర్రరక్తకణాలు చితికిపోతాయి. ఉండల వాసన వేసే శాలువాను ఎండలో వేయకుండా పిల్లి పడకలో పరచడం ఏ రకంగానూ మంచి పని కాదు.

కారు రేడియేటర్లో పోసే కూలెంట్ గురించి ఒక అపోహ సరిదిద్దాలి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది కనుక పిల్లి ఇష్టంగా తాగుతుందని చాలాచోట్ల రాస్తారు. పిల్లి నాలుకకు తీపి తెలియనే తెలియదు. పార్కింగులో కారిన మడుగులో కాలు పెట్టి, ఆ పాదాన్ని శుభ్రం చేసుకోవడానికి నాకినా చాలు, ముప్పు మొదలవుతుంది. కిలో బరువుకు సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్లు ప్రాణాంతకం, అంటే నాలుగు కిలోల పిల్లికి ఒక చెంచా కంటే కొంచెం ఎక్కువ. మొదట తాగినట్టు తూలుతుంది, తర్వాత కోలుకున్నట్టే కనిపిస్తుంది, ఆ లోపల మూత్రపిండాల్లో స్ఫటికాలు పేరుకుంటూ ఉంటాయి. మూడు గంటల్లోపు చికిత్స మొదలైతేనే ఆశ ఉంటుంది.

నిజంగా చలి తగిలిన పిల్లిని ఎలా గుర్తించాలన్నది చివరి చిక్కు. ముక్కు చల్లగా ఉందా అని చూడడం వల్ల ఏమీ తెలియదు. వణుకుతున్న పిల్లి ఇంకా పోరాడుతున్న పిల్లి. వణుకు ఆగిపోయి, పిలిస్తే పలకక, మత్తుగా, బిగుసుకుపోయి, చిగుళ్లు పాలిపోయి ఉంటే భయపడాలి. చిన్న డిజిటల్ థర్మామీటర్ కొనకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో ఒక అంగుళం లోపలికి పెట్టి చూస్తే సరైన లెక్క వస్తుంది. 37 కంటే తగ్గితే వెచ్చబెట్టడం మొదలుపెట్టాలి. 32కు దగ్గరపడితే ఆ పని చేస్తూనే ఆస్పత్రికి బయలుదేరాలి. ముందుగా తడి ఆర్చాలి. తర్వాత బట్ట చుట్టిన వేడినీళ్ల సీసాలు ఛాతీకీ పొట్టకూ పక్కన పెట్టాలి. కాళ్లు రుద్దడం, వేడినీళ్లలో దించడం, హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టడం చేయకూడదు, అలా చేస్తే పైనున్న రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుని చల్లటి రక్తం గుండెకు చేరుతుంది.

ఇంటి పిల్లి కాకపోయినా మెట్ల కింద ఉండే పిల్లికి చలి నెలల్లో ఒక గూడు చేసి పెట్టడం తేలిక. చేపల మార్కెట్లో పారేసే థర్మకోల్ పెట్టెను బాగా కడిగి ఎండబెట్టి, పక్కన జానెడు లోపు రంధ్రం కోసి, నాలుగు ఇటుకల మీద గాలి రాని వైపుకు తిప్పి పెడితే గూడు సిద్ధం. లోపల పాత దుప్పటి పరవడం మనకు సహజంగా తోస్తుంది గానీ, బట్ట మంచు చెమ్మను పీల్చి రాత్రంతా తడిగా ఉంటుంది. దానికంటే వరిగడ్డి ఎన్నో రెట్లు నయం. గడ్డి పోచలు బోలుగా ఉంటాయి, తేమను అంతగా పట్టవు, పిల్లి మధ్యలోకి దూరితే చుట్టూ సర్దుకుంటాయి. నెల్లాళ్లకోసారి మార్చడానికి పల్లెల్లో కొరత ఉండదు, ఆ రోజులకు కోతలు అయిపోయి గడ్డివాములు వేసి ఉంటాయి. పట్నంలో ఆవులున్న చోట అడిగితే ఒక కట్ట ఇస్తారు. కోతలు అయ్యాక ఎలుకలు ఇళ్లవైపు మళ్లుతాయి కాబట్టి ఆ గూడు దగ్గర ఎలుకల మందు పెట్టకుండా చూసుకోవాలి, మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికి విషమే.

పిల్లి కొత్త గూటిని వెంటనే నమ్మదు. అది ఇప్పటికే పడుకునే చోటికే గూటిని తీసుకెళ్లాలి గానీ, మనకు వీలైన చోటికి పిల్లిని రప్పించలేం. జనవరి రెండో వారంలో మాత్రం అది ఎక్కడ పడుకుంటుందో ప్రత్యేకంగా చూసుకోవాలి. భోగి మంట కోసం పిల్లలు ముందు రోజే కట్టెలూ, విరిగిన కుర్చీలూ, తాటాకులూ కుప్ప పేరుస్తారు. ఆ కుప్ప అడుగున గాలి తగలని ఇరుకు జాగా, పొడి ఆకుల పరుపు, చీకటి ఉంటాయి. తెల్లవారుజామున కిరసనాయిలు చల్లే ముందు ఒక కర్ర తీసుకుని కుప్పను నాలుగు వైపులా కదిపి, టార్చి వేసి చూసి, కాసేపు ఆగి అప్పుడు అంటించాలి.